ముట్టని చేత్తో కొలిచిన చూపు

మన దేశంలో వైద్యులకు, నర్సులకు, దంతవైద్యులకు, ఫార్మసిస్టులకు చట్టబద్ధమైన మండళ్లు ఏర్పడి దశాబ్దాలు గడిచాయి. కంటిచూపును కొలిచి అద్దాలు నిర్ణయించే వారికి మాత్రం అటువంటి జాతీయ వ్యవస్థ 2021 వరకూ లేదు. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఆ లోటును పూరించడానికి పూనుకుంది. ఫిజియోథెరపీ మొదలుకొని ప్రయోగశాల సాంకేతిక వృత్తుల దాకా 10 విభాగాలను అది ఒకే గొడుగు కిందికి తెచ్చింది. నేత్ర విజ్ఞాన విభాగంలో ఆప్టోమెట్రిస్టు, ఆప్తాల్మిక్ అసిస్టెంట్, విజన్ టెక్నీషియన్ చేరారు. చట్టం వచ్చిన తరవాత కూడా రాష్ట్రాలలో మండళ్ల ఏర్పాటు నత్తనడకన సాగింది. చివరికి 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకొని రెండు నెలల గడువు విధించవలసి వచ్చింది.

ఈ చట్టం చుట్టూ జరుగుతున్న చర్చ అంతా డిగ్రీల గురించి, పాఠ్యప్రణాళికల గురించి, పేరుకు ముందు 'డాక్టర్' అని రాసుకోవచ్చా లేదా అన్న దాని గురించి. చట్టం కమిషన్‌కు అప్పగించిన మరొక బాధ్యత ఉంది. ఈ వృత్తులలో ఉన్నవారు పాటించవలసిన ప్రవర్తనను, నైతిక నియమావళిని నిర్ణయించి అమలు చేయడం ఆ బాధ్యత. ఆ నియమావళిలో 'కులం' అన్న మాట ఉంటుందా, ఉంటే ఏ అర్థంలో ఉంటుంది అన్నదే నా ప్రశ్న. కంటి అద్దాలకూ కులానికీ సంబంధం ఏమిటని కొందరికి సందేహం రావచ్చు. ఆ సంబంధాన్ని నేను మొదట చూసింది మా నాన్న ముఖం మీద.

మా నాన్న వ్యవసాయ కూలీ. నేను హైస్కూలులో ఉండగా ఆయనకు దగ్గరి చూపు మందగించింది. పట్నంలో ఒక కళ్లద్దాల దుకాణానికి ఆయన వెంట నేనూ వెళ్లాను. మాకంటే ముందు వచ్చిన పెద్దమనిషిని దుకాణదారు కుర్చీలో కూర్చోబెట్టి, "కాస్త ఇటు తిరగండి సార్" అంటూ రెండు చేతులతో ఫ్రేమును సవరించాడు. చెవుల వెనక కాడలు వంచి, ముక్కు మీద ఒత్తుకుంటోందా అని అడిగి, మళ్లీ తీసి సరిచేసి పెట్టాడు. మా వంతు వచ్చింది. ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ అని అడిగాడు. జవాబు విన్నాక ఫ్రేమును బల్ల మీద పెట్టి, "పెట్టుకుని చూసుకో" అన్నాడు. "చెవుల కాడ వదులుగా ఉందయ్యా" అన్నాడు మా నాన్న. "వాడగా వాడగా అదే సర్దుకుంటుందిలే" అని జవాబు. అద్దాలు అమ్మాడు, డబ్బు తీసుకున్నాడు, రసీదు కూడా ఇచ్చాడు. తిట్టలేదు, గెంటలేదు. కలుపు తీయడానికి వంగినప్పుడల్లా ఆ కళ్లజోడు జారిపోయేది. మా నాన్న వెనకనుంచి దారం కట్టుకున్నాడు. కొన్నాళ్లకు విసిగి చూరులో దోపేశాడు.

చాలా ఏళ్లపాటు దానిని నేను ఒక అవమానంగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాను. ఆ పని ఎలా చేయాలో తెలుసుకున్న తరవాతే అది వృత్తిపరమైన తప్పు కూడా అని అర్థమైంది.

కళ్లజోడు అమర్చడం స్పర్శతో ముడిపడిన పని. రెండు కనుపాపల మధ్య దూరాన్ని కొలవాలంటే ఎదుటి మనిషికి మూరెడు దూరంలో కూర్చుని, స్కేలును ఆయన ముక్కు మీద ఆనించాలి. ట్రయల్ ఫ్రేమును చేతులతో ముఖానికి తొడగాలి. బైఫోకల్ అద్దంలో దగ్గరి చూపు గీత ఎంత ఎత్తున రావాలో, ఫ్రేము ముఖం మీద సరిగా కూర్చున్న తరవాత కంటి ఎదురుగా కొలిచి గుర్తు పెట్టాలి. ముక్కు మీద ఆనే బిళ్లలను నొక్కి, చెవి వెనక ఎముక వంపును వేలితో తడిమి, ఆ వంపుకు తగినట్టు కాడను వేడిచేసి వంచాలి. వీటిలో ఏది వదిలేసినా లెక్క తప్పుతుంది. 6 డయాప్టర్ల పవరున్న అద్దం కేంద్రం కనుపాపకు ఎదురుగా కాక 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 3 ప్రిజం డయాప్టర్ల దోషం ఏర్పడుతుందని ఆ శాస్త్రంలో మొదటి పాఠాలలోనే చెబుతారు. ఫలితం తలనొప్పి, కళ్లు లాగడం, ఒక్కోసారి రెండుగా కనబడటం. అటువంటి జోడు ఇచ్చినవాడు దానిని నాసిరకం అద్దమని ఒప్పుకోడు. పెట్టుకున్నవాడే 'నాకు అద్దాలు పడలేదు' అనుకుని తీసి పక్కన పెడతాడు. తాకడానికి ఇష్టపడని చేయి చేసిన తప్పు తాకించుకోని మనిషి ఖాతాలో పడుతుంది.

ఈ పద్ధతికి మన వైద్య చరిత్రలో పాత ఆనవాలు ఉంది. 1929లో కాఠియావాడ్ ప్రాంతం నుంచి ఒక దళిత ఉపాధ్యాయుడు రాసిన లేఖ గాంధీజీ 'యంగ్ ఇండియా' పత్రికలో అచ్చయింది. అంబేడ్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో దానిని మళ్లీ లోకం ముందు పెట్టారు. బాలింత అయిన ఉపాధ్యాయుని భార్యకు జబ్బు చేసింది. వాడలోకి అడుగుపెట్టనన్న షరతు మీద వైద్యుడు వచ్చాడు. రోగిని బయటికి తీసుకువచ్చాక ఆయన జ్వరమానినిని ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు. ఆయన దానిని భర్తకు ఇచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. అదే వరుసలో అది వెనక్కి వెళ్లింది. వైద్యుడు దీపం వెలుగులో దానిని చూసి రోగం పేరు చెప్పి వెళ్లిపోయాడు. ఆమె బతకలేదు. అక్కడ వైద్యుడు ఉన్నాడు, ఫీజు తీసుకున్నాడు, పరికరం ఉంది, రోగ నిర్ధారణ కూడా జరిగింది. చేయి మాత్రం రోగి దాకా రాలేదు.

అది తొంభై ఏళ్లు దాటిన సంగతి అని పక్కన పెట్టడానికి వీలు లేదు. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్ తదితరులు 11 రాష్ట్రాలలోని 565 గ్రామాలలో చేసిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. దాదాపు మూడోవంతు గ్రామాలలో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లలోకి వెళ్లడం లేదని అందులో నమోదైంది. గుజరాత్, రాజస్థాన్ గ్రామాలలో దళిత బాలల వైద్య అనుభవాలపై సంఘమిత్ర ఆచార్య చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. మందులిచ్చేటప్పుడు, పరీక్షలు చేసేటప్పుడు తాకకపోవడమే వివక్షలో ప్రధాన రూపంగా ఆమె గుర్తించారు. మన తెలుగు ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద పోరాటాలు జరగడానికి ఒక కారణం, అవి బల్ల మీద కళ్లకు కనబడేవి కావడం. కళ్లద్దాల దుకాణంలో రెండు పద్ధతులు ఉంటే వాటిని పట్టి చూపించడానికి అక్కడ రెండో గ్లాసు ఉండదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణ దుకాణాలలో ప్రవేశానికి కులం అడ్డు కాకూడదంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం కారణంగా సరుకు అమ్మనని, సేవ చేయనని నిరాకరించడాన్ని నేరంగా ప్రకటించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలు 2016 జనవరి 26న అమలులోకి వచ్చి, ఆసుపత్రిలోకి, దుకాణంలోకి రానివ్వకపోవడాన్ని స్పష్టంగా నేరాల జాబితాలో చేర్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ కులం పేరెత్తి వివక్షను నిషేధించారు.

ఇవన్నీ అవసరమైనవే, పోరాడి సాధించుకున్నవే. అయితే అవి ప్రధానంగా నిరాకరణను పట్టుకుంటాయి. మా నాన్నను ఎవరూ నిరాకరించలేదు. సేవ జరిగింది, సగం జరిగింది. ఆ సగం సేవ కోసం ఒక కూలీ మనిషి పోలీసు స్టేషనుకు వెళ్లి, ఎఫ్ఐఆర్ రాయించి, కోర్టు చుట్టూ ఏళ్లతరబడి తిరగడు. శిక్షాస్మృతి చేయి చాచలేని చోట చేయి చాచవలసింది వృత్తి నియంత్రణ. ఒక మనిషికి ఈ పని చేసే అర్హత ఉందా అని అడిగే అధికారం వృత్తి మండలికి ఉంటుంది. జైలు, జరిమానాలతో నిమిత్తం లేకుండా శిక్షణకు పంపవచ్చు, మందలించవచ్చు, రిజిస్టరు నుంచి పేరు తొలగించవచ్చు.

ఈ ప్రశ్నను కంటి వృత్తుల నియంత్రణలోకి నేరుగా తెచ్చిన దేశం న్యూజిలాండ్. అక్కడ ఆప్టోమెట్రిస్టులనే కాక, కళ్లజోడు అమర్చే డిస్పెన్సింగ్ ఆప్టీషియన్లను కూడా ఒకే చట్టబద్ధమైన బోర్డు నమోదు చేస్తుంది. ఏటా ప్రాక్టీసు పత్రం తీసుకోకుండా వారు పని చేయడానికి వీలు లేదు. 2003లో చేసిన ఆరోగ్య వృత్తుల సామర్థ్య చట్టం ప్రకారం వృత్తి మండళ్లు వైద్య నైపుణ్యంతోపాటు సాంస్కృతిక సామర్థ్యానికి కూడా ప్రమాణాలు నిర్ణయించాలి. 2019లో దానిని సవరించి, మావోరీలతో గౌరవంగా, ఫలవంతంగా వ్యవహరించగల సామర్థ్యం ఆ ప్రమాణాలలో భాగమని చేర్చారు.

దీని వెనక 'సాంస్కృతిక భద్రత' అనే భావన ఉంది. 1980ల చివరలో మావోరీ నర్సులు, నర్సింగ్ విద్యార్థులు లేవనెత్తిన ప్రశ్న నుంచి అది పుట్టింది. చట్టపరమైన భద్రత, నైతిక భద్రత అంటూ పాఠాలు చెబుతున్నారే, మా మనుషులుగా మా భద్రత మాటేమిటి అన్నది వారి ప్రశ్న సారాంశం. ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు దానికి సిద్ధాంత రూపం ఇచ్చారు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దానిని నర్సుల చదువులో భాగం చేసింది. పత్రికలలో దుమారం రేగింది, పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది, అయినా ఆ భావన నిలబడింది. రామ్స్‌డెన్ చెప్పినదానిలో రెండు విషయాలు కీలకమైనవి. ఇతరుల ఆచారాల జాబితా కంఠస్థం చేయడం కాదు, సేవ చేసేవాడు తన చేతిలోని అధికారాన్ని, తన పూర్వాభిప్రాయాలను తాను పరీక్షించుకోవాలి. ఆ సేవ సురక్షితంగా ఉందో లేదో తేల్చేది చేసేవాడు కాదు, పొందినవాడు.

కళ్లజోడు అమర్చేవారికి ఇది ఎంత దగ్గరి విషయమో ఒక్క ఉదాహరణ చాలు. మావోరీల సంప్రదాయంలో తల పవిత్రమైనది. అనుమతి అడగకుండా తలను తాకడం అపచారం. కళ్లజోడు అమర్చే మనిషి మొట్టమొదట చేసేది తలను తాకడమే. కాబట్టి ఏం చేయబోతున్నారో ముందుగా చెప్పి, అనుమతి తీసుకుని, ఆ తరవాతే చేయి వేయాలి. మన తెలుగు నేల నుంచి కూడా వైద్య, ఆరోగ్య వృత్తులలో ఉన్నవారు ఆ దేశానికి వెళుతున్నారు. అక్కడ నమోదు కావాలంటే ఎవరైనా ఈ ప్రమాణాలకు లోబడవలసిందే. అక్కడ నేర్చుకునే ఈ మర్యాద మాటను ఇక్కడి కళాశాలలలో నేర్పకపోవడం కేవలం పాఠ్యప్రణాళిక లోపం అనుకోలేను.

అయితే ఆ ప్రమాణాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి మన నియమావళిలో అతికిస్తే ప్రమాదం ఉంది. న్యూజిలాండ్‌లో తప్పు అడగకుండా తాకడం. మన దగ్గర తప్పు తాకకపోవడం. అక్కడ దూరం పాటించడం గౌరవానికి గుర్తు కావచ్చు, ఇక్కడ అదే దూరం వేల ఏళ్ల శిక్ష. 'సంస్కృతి' అన్న మాట కూడా రెండు చోట్లా ఒకే పని చేయదు. వలస పాలన తుడిచిపెట్టబోయిన ఒక జాతి తన సంస్కృతిని గౌరవించమని అడగడం ఒక సంగతి. 'మా ఆచారం ప్రకారం ఫలానా కులంవాళ్ల చేయి మా ముఖం మీద పడకూడదు' అని ఒక పెత్తందారీ కులం మనిషి అడిగితే, అదీ సంస్కృతే అవుతుందా? ఆచారం పేరుతోనే కదా అంటరానితనం ఇన్ని శతాబ్దాలు బతికింది. మడి, మైల కూడా ఆచారాలే. సాంస్కృతిక భద్రత అంటే 'ఎవరి ఆచారాన్ని వారికి గౌరవించడం' అని తేలికగా అనువదించుకుంటే, మన దేశంలో అది కులానికి కొత్త లైసెన్సు ఇచ్చినట్టవుతుంది.

అందుకే రామ్స్‌డెన్ భావనలో నుంచి మనం తీసుకోవలసింది అధికారం గురించిన ప్రశ్నను. ఎవరి చేతిలో అధికారం ఉంది, ఎవరి శరీరం మీద తీర్పు నడుస్తోంది అన్న ప్రశ్న అది. దానిని మన నేల మీద అడిగితే వచ్చే మాట సంస్కృతి కాదు, కులం. నియమావళిలో రాయవలసింది కూడా ఆ మాటనే. 'సామాజిక నేపథ్యం', 'భిన్నత్వం' వంటి మెత్తని పదాలతో సరిపెడితే ఆ నియమం ఎవరినీ ఏమీ అడగలేదు.

అధికారం ప్రశ్న రోగి వైపు నుంచే కాదు, పనిచేసేవారి వైపు నుంచి కూడా అడగాలి. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ గ్రామాలలో విజన్ సెంటర్ల పద్ధతిని అభివృద్ధి చేసింది. ఇంటర్మీడియట్ స్థాయి చదువున్న స్థానిక యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి, సుమారు 50,000 జనాభాకు ఒక కేంద్రం చొప్పున నిలబెట్టిన పద్ధతి అది. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు ప్రారంభించింది. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలుపెట్టి, 100 పనిదినాలలో కోటిన్నర మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది. ఇటువంటి కార్యక్రమాలలో ఊరి బడిలోనో, పంచాయతీ కార్యాలయంలోనో కుర్చీ వేసుకుని ముఖాలను చేతుల్లోకి తీసుకునేది వేతనం తక్కువ, భరోసా తక్కువ ఉన్న యువతీయువకులే. వారిలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల బిడ్డలు ఉంటారు. ఊరి పెద్ద ఇంటి నుంచి వచ్చిన మనిషి, 'నువ్వు కాదు, ఇంకొకరిని పంపు' అన్నప్పుడు ఆ అమ్మాయి వెనక ఎవరు నిలబడతారు? పై అధికారి గొడవెందుకని మనిషిని మార్చేస్తే ఆమె చదువుకు, ఆమె చేతి నైపుణ్యానికి పడిన మచ్చకు ఎవరు జవాబుదారీ? రోగికి తన వైద్యుణ్ణి ఎంచుకునే హక్కు ఉంటుంది. కులాన్ని బట్టి చేతిని తిరస్కరించడం ఆ హక్కులోకి రాదని నియమావళి తేల్చి చెప్పాలి. సంస్థలు అటువంటి కోరికను మన్నించకూడదని కూడా చెప్పాలి.

స్పర్శ తరవాత వచ్చేది ఊహ. ఎదుటి మనిషి పేరు, ఊరు, బట్టలు చూసి ఆయన బతుకు ఇంతే అని ముందే అనుకోవడం. "చదువుతావా?" అని అడిగి, లేదన్న జవాబు రాగానే దగ్గరి చూపు అద్దం అక్కర్లేదని తేల్చడం అటువంటిదే. చదవని మనిషికి బియ్యంలో రాళ్లు ఏరడం ఉంటుంది, సూదిలో దారం ఎక్కించడం ఉంటుంది, మాత్రల రంగు పోల్చుకోవడం, తూకం ముల్లు చూడటం, ఉపాధి హామీ కూలి పడిందో లేదో ఫోనులో అంకెలు చూసుకోవడం ఉంటుంది. అస్సాం తేయాకు తోటలలో 40 ఏళ్లు పైబడిన 751 మంది శ్రామికులపై జరిగిన ఒక పరిశోధన 2018లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వచ్చింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారి ఉత్పాదకత, ఇవ్వనివారితో పోలిస్తే 21.7 శాతం ఎక్కువ పెరిగిందని తేలింది. అది చదువుకునేవారి లెక్క కాదు, ఆకు కోసేవారి లెక్క. కూలీ పని చేసే మనిషికి కళ్లజోడు అలంకారం అన్న అపోహ ఎంత ఖరీదైనదో ఆ అంకె చెబుతుంది. కూలీలలో ఏ కులాలవారు ఎక్కువో నేను విడిగా రాయనవసరం లేదు.

ఈ వాదనకు ఎదురు వాదన ఇప్పటికే సిద్ధంగా ఉంది. 2025లో న్యూజిలాండ్ ప్రభుత్వం ఆరోగ్య వృత్తుల నియంత్రణను సంస్కరిస్తామంటూ ప్రజాభిప్రాయం కోరింది. నియంత్రణ సంస్థలు వైద్య నైపుణ్యం, రోగి భద్రత మీదే దృష్టి పెట్టాలా, సాంస్కృతిక అంశాల వంటి వాటిని కూడా చూడాలా అన్న ప్రశ్న ఆ చర్చాపత్రంలో ఉంది. నైపుణ్యం వేరు, గౌరవం వేరు అన్న విభజన ఆ ప్రశ్నలోనే దాగి ఉంది. ప్రతిభ వేరు, సామాజిక న్యాయం వేరు అని మనం రోజూ వినే మాటకు ఇది తోబుట్టువే. 'మేం డబ్బు చూస్తాం గాని కులం చూడం' అనే దుకాణదారు మాట కూడా ఆ కోవలోదే.

కళ్లజోడు విషయంలో ఆ విభజన ఎక్కడా నిలబడదు. తాకకుండా కనుపాపల మధ్య దూరం ఎలా కొలుస్తారు? కసురుకుంటే ఏ అద్దంలో స్పష్టంగా కనబడుతోందో రోగి నిజం ఎలా చెబుతాడు? కంటి పరీక్షలో సగభాగం రోగి జవాబుల మీదే ఆధారపడి ఉంటుంది. 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడిగినప్పుడు భయపడిన మనిషి అయ్య గారికి ఏది ఇష్టమో ఆ జవాబే చెబుతాడు. తప్పు జవాబు మీద నిర్ణయించిన పవరు తప్పే అవుతుంది. ఈ వృత్తిలో గౌరవం కొలత సాధనాలలో ఒకటి. అది లేనివాడి నైపుణ్యం సగం నైపుణ్యం.

మరో జాగ్రత్త కూడా అవసరం. నియంత్రణ అనగానే తలుపులు మూసుకుంటాయి. ఎవరి కోసం మూసుకుంటాయన్నది చూడాలి. కొత్త చట్టం కింద ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడు కావాలంటే కనీసం 3,600 గంటల చదువు, అనుబంధ వృత్తి నిపుణుడికి కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. ప్రమాణం పెరగడం మంచిదే. నాటు వైద్యంలా అద్దాలు అంటగట్టే పద్ధతి పోవాలి. కానీ చదువు ఖరీదు పెరిగి, సీట్లు ప్రైవేటు కళాశాలలలోనే పోగైతే, విజన్ సెంటరు ద్వారా ఈ వృత్తిలోకి వచ్చిన పల్లె బిడ్డలు రేపు రిజిస్టరు బయట మిగిలిపోతారు. ఏళ్లుగా దుకాణాలలో అద్దాలు అరగదీస్తూ, ఫ్రేములు బిగిస్తూ పని నేర్చుకున్న చేతివృత్తివారికి పరీక్ష రాసి పైకి వచ్చే దారి ఉండాలి. మరో వింత ఏమిటంటే, కళ్లజోడును ముఖానికి అమర్చే ఆప్టీషియన్ పేరు ఈ చట్టం షెడ్యూలులో లేదు. అంటే మా నాన్నకు బల్ల మీద ఫ్రేము పెట్టిన మనిషి ఈ రోజుకూ ఏ మండలికీ జవాబుదారీ కాడు. సామాన్యుడి ముఖాన్ని నిత్యం తాకవలసిన వృత్తి నియంత్రణ పరిధికి వెలుపలే మిగిలింది.

కాబట్టి నేను కోరేది అస్పష్టమైన సంస్కరణ కాదు. మొదటిది, కమిషన్ రూపొందించే వృత్తి నియమావళి కులం పేరెత్తి వివక్షను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించాలి. సేవ నిరాకరించడమే కాక, తాకకుండా, కూర్చోబెట్టకుండా, పూర్తి కొలత తీయకుండా ఇచ్చే సగం సేవ కూడా ఆ నిర్వచనంలోకి రావాలి. రెండోది, కొలతలన్నీ రోగి చీటీలో రాసి ఇవ్వడం తప్పనిసరి చేయాలి. కనుపాపల దూరం, బైఫోకల్ ఎత్తు రాసి ఉన్న చీటీ ఉంటే, కొలత తీశారో లేదో మరో చోట సరిచూసుకోవచ్చు. కంటికి కనబడని వివక్షకు అది ఒక ఆధారం అవుతుంది. మూడోది, ఫిర్యాదు తెలుగులో, నోటిమాటగా, ఖర్చు లేకుండా చేసే వీలుండాలి. దానిని విచారించే రాష్ట్ర మండలిలో దళిత, ఆదివాసీ సభ్యులు ఉండాలి. నాలుగోది, కులవివక్షకు గురయ్యే ఉద్యోగికి అదే నియమావళి రక్షణ కల్పించాలి. ఐదోది, ఆప్టీషియన్లను చట్టం పరిధిలోకి తేవాలి, పాత పనివారికి అందుబాటైన దారి చూపాలి. ఆరోది, స్పర్శ, మాట, మర్యాద కూడా పరీక్షించదగిన నైపుణ్యాలుగా పాఠ్యప్రణాళికలో చేరాలి. ఆ పాఠం రాసేటప్పుడు ఆ స్పర్శకు దూరమైన మనుషుల మాట వినాలి.

ఇన్ని వృత్తుల నియమాలు ఒకేసారి రూపుదిద్దుకునే సందర్భం మళ్లీ మళ్లీ రాదు. ఒకసారి రాసిన నియమావళి తరాలపాటు అలాగే కొనసాగుతుంది. దళిత, ఆదివాసీ సంఘాలు ఆసుపత్రులలో నియామకాల రిజర్వేషన్ల మీద పెట్టినంత శ్రద్ధ ఈ మండళ్ల నియమాల మీద కూడా పెట్టాలి. ముసాయిదాలు వచ్చినప్పుడు లిఖితపూర్వకంగా అభిప్రాయాలు పంపాలి. మండళ్లలో సభ్యత్వం అడగాలి. ఆప్టోమెట్రీ చదువుతున్న మన పిల్లలు తమ కళాశాలలలో ఈ ప్రశ్న లేవనెత్తాలి. చూరులో దోపిన కళ్లజోడు మా ఇంట్లో మాత్రమే ఉందని నేను అనుకోవడం లేదు. తెలుగు పల్లెల్లో దళితవాడల చూరులు వెతికితే అటువంటివి ఇంకా దొరుకుతాయి. వాటిలో ఎన్ని నిజంగా పవరు సరిపడక పక్కన పడ్డాయో, ఎన్ని కొలవకుండా ఇవ్వడం వల్ల పడ్డాయో తేల్చగల నియమం ఇప్పుడు మనకు కావాలి.